దర్వాజ ఉంది, తలుపు లేదు

2018 జూలై మొదటి సోమవారం నుంచి నన్ను సూరత్ పక్కన కడోదరాలోని ఒక ప్రాసెసింగ్ మిల్లులో రెండు షిఫ్టులకూ కలిపి హెడ్ కలర్ మాస్టర్‌గా వేశారు. అంతకు ముందు పగటి షిఫ్టుకు మాత్రమే మాస్టర్‌ని. హోదా పెరిగిన పదకొండో రోజున జరిగిన సంగతి ఇది. మనిషి చెడిపోవడానికి పదకొండు రోజులు మరీ ఎక్కువని నా భార్య సత్తవ్వ అభిప్రాయం. నాకు మొదటి రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికే కొమ్ములు మొలిచాయని, తలుపులోంచి లోపలికి రావడానికి పక్కకు తిరగాల్సి వచ్చిందని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

కలర్ మాస్టర్ అంటే ఏం చేస్తాడో తెలియని వారి కోసం రెండు మాటలు. సిరిసిల్ల దిక్కు మా ఊళ్లో ఎవరైనా అడిగితే మొదట్లో అరగంట చెప్పేవాడిని. తర్వాత తర్వాత "రంగులు కలుపుతా" అని ఊరుకున్నాను. "గంతేనా? హోలీకి మా పొల్లగాండ్లు గూడ కలుపుతరు" అనేవారు. నిజానికి వ్యాపారి, అంటే మా భాషలో పార్టీ, వేలెడంత గుడ్డపీలిక తెచ్చి "ఈ రంగు కావాలి" అంటాడు. ఆ పీలికను చూసి, ఏ రంగు ఎన్ని గ్రాములు పడితే వెయ్యి చీరల మీద అదే రంగు వస్తుందో చెప్పేవాడే కలర్ మాస్టర్. ముందు హెల్పర్, ఆ తర్వాత కలర్‌మ్యాన్, ఆ తర్వాత సెకండ్ మాస్టర్, చివర మాస్టర్. ఈ నాలుగు మెట్లూ ఎక్కడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. చదువు సంగతి అడిగితే ఏడో తరగతి అంటాను. ఏడును రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కప్రకారం ఎనిమిదేళ్ల చదువు.

మా మిల్లులో నడిచేది పాలిస్టర్. ఆ బట్ట మీద రంగు వేయడంలో ఒక మాయ ఉంది. రంగును గమ్ము అనే జిగురులో కలిపి, జాలీ బిగించిన స్క్రీన్ మీద నుంచి అచ్చు కొట్టినప్పుడు బట్ట మీద కనిపించేది అసలు రంగు కాదు. చిలకపచ్చ బూడిదలా ఉంటుంది. కుంకుమరంగు పాత ఇటుకలా ఉంటుంది. ఆ బట్ట ఆవిరి యంత్రంలోకి వెళ్లి, ఉడికి, బయటకు వచ్చి, కడిగిన తర్వాతే అసలు రంగు తేలుతుంది. కొత్తవాడు అచ్చు బల్ల దగ్గర నిలబడితే "సచ్చిన రంగు" అంటాడు. మాస్టర్ అదే బట్టను చూసి "బాగుంది, పోనీ" అంటాడు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తే కంటికి ఒక జబ్బు వస్తుంది. ఎదురుగా ఉన్నది కనిపించడం మానేసి, ఆవిరి తర్వాత రాబోయేది కనిపిస్తుంది. నాకు ఆ జబ్బు ముదిరి ఉందని నేనే గొప్పగా చెప్పుకునేవాడిని.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఉత్తరాది మనిషి. మొదటి రోజే ఒక మాట చెప్పాడు. నమూనా దేవుడు. దేవుడి ముక్కు వంకరగా ఉంటే నువ్వు చేసే విగ్రహం ముక్కు కూడా వంకరగానే ఉండాలి. పార్టీ ఇచ్చిన పీలిక మీద చాయ్ మరక ఉంటే, ఆ మరక కావాలా వద్దా అని పార్టీనే అడుగు, నువ్వు తీసేయకు. ఈ సూత్రాన్ని నేను నా కింద పనిచేసిన అందరికీ నేర్పాను. ఒకరిద్దరిని తిట్టి మరీ నేర్పాను.

ఇక నర్సయ్య. మిల్లు డిజైన్ విభాగంలో చేత్తో బొమ్మలు గీసే ఆర్టిస్టు. నాకన్నా మూడేళ్లు పెద్ద. మా పక్క మండలమే, మా పద్మశాలి కులమే. నేను అన్నా అంటాను, ఆయన మాస్టర్ అంటాడు. ఒకప్పుడు ఆ విభాగంలో తొమ్మిది బల్లలు, తొమ్మిది మంది ఆర్టిస్టులు ఉండేవారు. ఆ జూలై నాటికి ఎనిమిది బల్లల చోట కంప్యూటర్లు వచ్చాయి. తొమ్మిదో బల్ల నర్సయ్యది. దాని చోటు కూడా కావాలని, దీపావళి తర్వాత నర్సయ్యను ఫోల్డింగ్‌కు పంపుతామని మిల్లు యజమాని శేఠ్ మెత్తగా చెప్పాడు. ఫోల్డింగ్ అంటే తయారైన చీరలు మడతపెట్టే విభాగం. చీర మీద పువ్వు గీసిన మనిషి అదే పువ్వు కనబడకుండా మడతపెట్టాలన్నమాట. నర్సయ్య ఆ మాట విని, "మంచిదే మాస్టర్, నా పువ్వులు ఎటు మడవాల్నో నాకంటే ఎవనికి ఎరుక?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు టిఫిన్ డబ్బా తెరవలేదు.

అప్పుడే ఒక పార్టీ వచ్చాడు. రింగ్ రోడ్డు మార్కెట్‌లో పెద్ద వ్యాపారి. దీపావళి చీరలకు "గామఠీ" డిజైన్ కావాలన్నాడు. గుజరాతీలో గామ్ అంటే ఊరు. గామఠీ అంటే పల్లెటూరి తీరు. కంప్యూటర్ వాళ్లు గీసిన గుడిసెలన్నీ వెనక్కి పంపాడు. ఇవి బిస్కెట్ డబ్బా మీద బొమ్మల్లా ఉన్నాయి, చేత్తో గీసేవాడు ఎవరైనా మిగిలాడా అని అడిగాడు. శేఠ్ నర్సయ్యను పిలిచి చెప్పాడు: ఈ డిజైన్ పాసైతే నీ బల్ల ఉంటుంది. లేకపోతే దీపావళి దాకా కూడా ఆగను.

నర్సయ్య రెండు రోజులు ఎడ్లబండ్లు, బావులు, బిందెలు మోసే ఆడవాళ్లను గీశాడు. నాకు చూపిస్తే బాగున్నాయన్నాను. ఆయన ఒక్కొక్కటే చూసి, "అందరు నవ్వుతున్నరు మాస్టర్. బావి గూడ నవ్వుతుంది. ఇట్లాంటి ఊరు నేను సూడలే" అని చింపేశాడు. మూడో రోజు డిండోలీలోని తన గదిలో గోడకు ఉన్న బొమ్మను దుప్పటిలో చుట్టి తెచ్చాడు. ముందురోజే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి శేఠ్‌కు పంపాడట. శేఠ్ పార్టీకి పంపాడట. నాకు ఆ సంగతి తెలియదు.

బొమ్మ నా కలర్ రూముకు వచ్చింది. ఏ రంగులు ఎన్ని స్క్రీన్లుగా విడదీయాలో చూడడం నా పని. ఒక రంగుకు ఒక స్క్రీన్ లెక్క. మూలకు పడేసిన పాత చెక్క స్క్రీన్ చట్రానికి కోరా బట్ట బిగించి, దాని మీద నూనె రంగులతో వేసిన బొమ్మ అది. నర్సయ్య వాళ్ల ఇల్లు. గూనపెంకల కప్పు, అందులో నాలుగుచోట్ల పెంకులు లేక కొబ్బరిమట్ట కప్పిన జాగాలు. మట్టిగోడకు కింద ఎర్రమట్టి జాజు పట్టె, పైన సున్నం, ఆ సున్నం కూడా వాన తగిలిన వైపు పెచ్చులూడి ఉంది. వాకిట్లో ఖాళీ కుండ ఒకటి బోర్లించి ఉంది. నడుమ దర్వాజ, దానికి తలుపు లేదు. తలుపు ఉండాల్సిన చోట చారల చారల పాత చీర ఒకటి పరదాలా వేలాడుతోంది. ఆ సందులోంచి లోపల గుంటమగ్గం కొద్దిగా కనిపిస్తుంది.

నర్సయ్య స్క్రీన్ కొలతల కోసం పాండేసరాలోని మా రెండో యూనిట్‌కు పోవాల్సి ఉంది. పోతూ పోతూ, "రంగులు సూడు మాస్టర్, ఇంకేం ముట్టకు. మూడింటికల్లొస్త" అన్నాడు. "నేనేమన్న కొత్తోన్నా?" అన్నాను. ఆ రోజు నేనాడిన మొదటి అబద్ధం అదే. కొత్తవాడైతే నిజంగానే ముట్టేవాడు కాదు.

పన్నెండున్నరకు శేఠ్ నుంచి ఫోన్ వచ్చింది. గుజరాతీ మనిషి, మాతో హిందీలో మాట్లాడతాడు. "రాజేశ్‌భాయ్, పార్టీ కో దర్వాజా బహుత్ పసంద్ ఆయా. దర్వాజా దేఖ్‌నే ఆయేగా. దర్వాజే పే ధ్యాన్ దేనా." పార్టీకి దర్వాజా బాగా నచ్చింది, చూడ్డానికి వస్తాడు, దాని మీద జాగ్రత్త పెట్టు అని.

నేను బొమ్మ వైపు చూశాను. దర్వాజా ఏది?

ఇక్కడ ఒక మాట వివరించాలి. మా తెలంగాణ ఇళ్లలో దర్వాజ అంటే గుమ్మం, గోడలో నిలబెట్టిన చట్రం. దానికి బిగించే రెక్కలు తలుపులు. హిందీలో మాత్రం దర్వాజా అంటే తలుపు కూడా. నేను సూరత్ వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. హిందీలో కలలు కంటానని, కలలో కూడా వ్యాకరణం తప్పనని నా గొప్ప. అందుకని శేఠ్ మాటను శుద్ధ హిందీలో విన్నాను. పార్టీకి తలుపు కావాలి. బొమ్మలో తలుపు లేదు. నర్సయ్య గీయడం మరిచిపోయాడు, లేదా గీయలేక చీర కప్పేశాడు. పార్టీ వచ్చి తలుపేదంటే డిజైన్ పోతుంది. డిజైన్ పోతే బల్ల పోతుంది. ఇంటి భాషలో విని ఉంటే బతికిపోయేవాడిని. దర్వాజ బొమ్మలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

తర్వాత సత్తవ్వ ఇది విని అన్న మాట: "సేటు మాట నీకు సమజ్ గాకుంటె నన్నడుగకపోయినవా? దర్వాజేందో తలుపేందో ఇంట్ల ఊడ్శేదాన్ని నాకెరుక." అడిగి ఉండాల్సింది. కానీ హెడ్ మాస్టర్లు అడగరు.

మధ్యాహ్నం భోజనాల వేళ కలర్ రూమ్ ఖాళీ. నమూనా దేవుడని నాకు గుర్తు రాలేదా అంటే వచ్చింది. దేవుడికి గుడి తలుపు పెడితే తప్పేముంది అనుకున్నాను. తప్పు చేయబోయేవాడికి సామెతలు తొందరగా దొరుకుతాయి. నర్సయ్య నూనె రంగులు నా దగ్గర లేవు. నా దగ్గరున్నది నా సరుకే. నారింజ, ఎరుపు, నేవీ నీలం మూడూ కొలిచి గమ్ములో కలిపి, మంచి టేకు రంగు తయారుచేశాను. ముక్కల మీద వేసి చూసే పొట్టి కుంచెతో చారల చీర మీద నుంచే తలుపు వేశాను. ఊరికే వేయలేదు. మా ఇంటి తలుపును జ్ఞాపకం చేసుకుని వేశాను. రెండు రెక్కలు, ఒక్కో రెక్క మీద మూడేసి తామరపువ్వులు, అడుగున సగం పువ్వు, నడుమ గొలుసు. వెనక్కి జరిగి చూసుకుంటే నా కంటికి కొత్త టేకు మెరుస్తోంది. నర్సయ్య వచ్చి చూసి ఏమంటాడో కూడా అనుకున్నాను. ‘మాస్టర్, నువ్వు ఆర్టిస్టువు గావల్సినోనివి.’

నర్సయ్య కన్నా ముందు పార్టీ వచ్చాడు. రెండున్నరకే. శేఠ్ కేబిన్ నుంచి పిలుపు. బొమ్మను నేనే రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్లాను, పెళ్లికూతురి అన్నలాగ.

పార్టీ కళ్లజోడు పైకి నెట్టి, కిందికి దించి, మళ్లీ నెట్టి చూశాడు. తర్వాత శేఠ్ వైపు తిరిగి హిందీలో అడిగాడు, ఇంటి ముందు ఈ గేదె ఎందుకు నిలబడింది అని.

నేను అప్పుడు బొమ్మను చూశాను. నిజంగా చూశాను, మాస్టర్ కంటితో కాదు. ఆవిరి తగలని నా టేకు రంగు కమిలిన వంకాయలా నల్లగా, ఉబ్బెత్తుగా, తడితడిగా గుమ్మం నిండా నిలబడి ఉంది. తామరపువ్వులు గేదె మీద బురద మరకల్లా ఉన్నాయి. గొలుసు తోకలా ఉంది.

"స్టీమింగ్ కే బాద్ సాగ్వాన్ హో జాయేగా, శేఠ్" అన్నాను. ఆవిరి పడితే టేకవుతుందని.

"మాస్టర్‌జీ, తస్వీర్ కో స్టీమర్ మే డాలోగే క్యా?" అన్నాడు పార్టీ. బొమ్మను ఆవిరి యంత్రంలో వేస్తావా అని. శేఠ్ నవ్వలేదు. పార్టీ తన ఫోన్ తీసి ఫొటో చూపించాడు. మూడు ఫోన్లు మారి వచ్చిన ఫొటో. అందులో గుమ్మానికి బొటనవేలి గోరంత చారల చీర. మసకగా ఉంది, రంగులు తేలడం లేదు. ఈ చారలు చూడ్డానికే ఎండలో పడి వచ్చానన్నాడు. గుడిసెలు ఎవరైనా గీస్తారు, దర్వాజాలో వేలాడే ఈ గుడ్డ లాంటిది నలభై ఏళ్ల వ్యాపారంలో చూడలేదు, దాని తీరులో చీరంతా వేయిద్దామనుకున్నాను అన్నాడు.

ఆ మాట అవుతుండగా నర్సయ్య గుమ్మంలో కనిపించాడు. చెమటలు కక్కుతూ, చంకలో స్క్రీన్ కొలతల కాగితం చుట్ట. బొమ్మను చూశాడు. ఫోన్‌ను చూశాడు. నన్ను చూశాడు. ముప్పై ఏళ్లలో నన్ను అందరూ తిట్టారు, ఆ తిట్లన్నీ కలిపినా ఆ చూపు ముందు చాలవు.

నేనే వేశాను అని చెప్పాను. ఇంకెవరి మీదకైనా నెట్టే వీలుంటే నెట్టేవాడినేమో, కానీ నా రెండు చేతులకూ ఆ గేదె అంటుకుని ఉంది. పార్టీ గడియారం చూసుకున్నాడు. హైవే మీద వేరే మిల్లులో పని ఉందని, ఐదింటికి మళ్లీ ఇటే వెళతానని, అప్పటికి గుడ్డ కనిపిస్తే చూస్తానని, లేకపోతే తన దగ్గర ఇంకా ముగ్గురు ఆర్టిస్టుల చిరునామాలు ఉన్నాయని చెప్పి వెళ్లాడు. శేఠ్ నర్సయ్యతో ఒక్క మాట అన్నాడు: "పాంచ్ బజే తక్."

కలర్ రూములో కూర్చున్నాం. మాకున్న అదృష్టం ఒక్కటే. నర్సయ్య వేసింది నూనె రంగు, ఎప్పుడో గట్టిపడి రాయయింది. నేను వేసింది గమ్ము. ఆవిరి పడనంతవరకు మా రంగు దేనికీ పట్టదు, నీళ్లకు వదులుతుంది. నేను మల్లు గుడ్డ తడిపి కిందినుంచి మొదలుపెట్టాను. ఆరని చోట గమ్ము తేలిగ్గానే వచ్చింది. ఆరిన చోట గోరు పెట్టి, చెక్కు లేపి, మళ్లీ తడపాల్సి వచ్చింది. నర్సయ్య పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"నీకు తలుపెందుకు గావాల్సొచ్చింది మాస్టర్?"

శేఠ్ మాట, హిందీ, తెలుగు, నా తెలివి, అన్నీ చెప్పాను. దీపావళి చీర గదా, తలుపు లేని ఇంటికి లక్ష్మి ఎట్లొస్తదనుకున్న అని ఒక అబద్ధం కూడా కలిపాను.

"తలుపు లేకుంటే లచ్చిమికి ఇంకింత అల్కగాదా? సక్కగ లోపలికే వస్తుండె" అన్నాడు. "రాలే. వస్తే నేను సూరత్‌కెందుకు వస్త?"

తర్వాత తనే చెప్పాడు. ఆయన మూడో తరగతిలో ఉన్నప్పటి ముచ్చట. రెండేళ్లు వరసగా వానలు లేవు. నూలిచ్చే సావుకారి చేతులెత్తేశాడు. ఇంట్లో అమ్మదగ్గవి రెండే మిగిలాయి, మగ్గమూ తలుపూ. "మగ్గం అమ్మద్దని తలుపమ్మిండు మా నాయిన. కొన్నోడు ఎడ్లబండి కట్టుకొనొచ్చిండు. మేకులు గూడ పీక్కపోయిండు. దర్వాజ గూడ పీకుతనన్నడు, గోడ వడ్తదని మా అవ్వ అడ్డం వన్నది."

"మరి ఆ చీర?"

"మగ్గమున్నది, నూలు లేదు. డబ్బాల అడుగున కొసరు నూలు ఏది దొరికితే అది ఏసి నేసిండు. నీలి నూలు యాడ ఒడిస్తే చార ఆడ ఒడిసింది. గసొంటిది ఎవడు కొంటడు? దర్వాజకు కట్టింది మా అవ్వ."

నేను తుడుస్తూనే ఉన్నాను. అప్పటికి తలుపు పైభాగం, ఎడమ రెక్క అడుగు ఇంకా మిగిలి ఉన్నాయి. నర్సయ్య వంగి, అడుగున ఉన్న సగం తామరపువ్వును వేలితో చూపించాడు. ఆర్టిస్టు కన్ను. బాగా లేని గీతను వదలదు.

"ఈ సగం పువ్వేంది?"

"మా ఇంటి తలుపుకు గట్లనే ఉంటది అన్నా. చిన్నప్పటి సంది గట్లనే సూసిన."

"పువ్వు చెక్కెటోడు సగం చెక్కడు మాస్టర్. తలుపును కింద గోసిండ్రు. అంటే అది మీ దర్వాజకు చేసిన తలుపు గాదు. ఎవలదో వెద్ద దర్వాజది."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. మా నాయిన కల్లు పుచ్చుకున్న ప్రతిసారీ ఆ తలుపును తట్టి "అగ్గువకు తెచ్చిన" అని మురిసేవాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో, ఎందుకు అంత చవకగా వచ్చిందో నేను ఎన్నడూ అడగలేదు. చిన్నప్పటి నుంచి రోజుకు పదిసార్లు తీసి మూసిన తలుపు అది. సగం పువ్వు గడపకు ఆనుకుని ఉండేది. రంగులో వీసమెత్తు తేడా పట్టేస్తానని జీతం తీసుకున్న మనిషిని, ఆ సగం పువ్వు ఎందుకు సగమో నాకు తట్టలేదు. తలుపులు అమ్మినవాళ్లున్నారంటే కొన్నవాళ్లు కూడా ఉండాలి గదా.

నర్సయ్య నా మొహం చూసి ఉంటాడు. "మాది గాదు, భయపడకు. మాది యాప చెక్క. పువ్వులు గిట్ల లేకుండె. నువ్వు దొరోరి తలుపు వెట్టినవ్ మా ఇంటికి" అన్నాడు. ఆ తర్వాత, "జల్ది కానియ్. నాలుగయింది" అన్నాడు.

ఐదుకు పది నిమిషాలుండగా చీర మొత్తం బయటికి వచ్చింది. బచ్చలిపండు రంగు, నీలి, పసుపు, చింతాకు, మళ్లీ బచ్చలిపండు, ఒక సన్నని తెలుపు. ఒక్క చార వెడల్పూ పక్క చారతో కలవదు. కుంచె గరుకుగా తగిలిన సందుల్లోకి నా రంగు కాస్త దిగిపోయింది. ఎంత తుడిచినా పోలేదు. దూరం నుంచి చూస్తే చీర మీద లేత గోధుమ రంగులో తలుపు నీడలాంటిది ఒకటి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

పార్టీ వచ్చాడు. ఈసారి కళ్లజోడు ఒక్కసారే సర్దాడు. గుడ్డను వేలితో చార చారకూ కొలిచి, డిజైన్ ఖాయమన్నాడు. అయితే చారలు సమంగా లేవు, సరిచేసి సమానంగా వేయండి అన్నాడు. కొత్త బుద్ధి వచ్చిన మనిషికి ఊరుకోవడం కష్టం. నమూనాలో ఎలా ఉంటే అలాగే వేయాలి శేఠ్ అని నేను అడ్డుపడ్డాను. మధ్యాహ్నం మొత్తం ఇంటినే మార్చినవాడు సాయంత్రం చార మార్చొద్దంటున్నాడని మా శేఠ్ గుజరాతీలో గొణిగాడు. చివరికి నర్సయ్యే మధ్యస్థం చేశాడు. రెండు విధాలా స్ట్రైక్-ఆఫ్ తీద్దామన్నాడు. ఆర్డరు వేసేముందు చిన్న ముక్క మీద కొట్టి చూపే అచ్చును మేం అలా అంటాం. పార్టీ రెండూ తీసుకున్నాడు. ఆ రంగులన్నీ నేనే కలిపాను, ఒక్కొక్కటీ బొమ్మ పక్కన పెట్టి, ఎండలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూసి. నమూనా నుంచి వీసమెత్తు పక్కకు పోలేదు. తెల్ల చార మీదున్న నా గోధుమ మరక మాత్రం కావాలా అని నర్సయ్యను అడిగాను. వద్దన్నాడు.

నిజం చెప్పాలంటే మార్కెట్లో సరిచేసిన చారల చీరలే ఎక్కువ పోయాయి. వంకర చారలవి నాలుగో వంతు కూడా పోలేదు. వాటిని కొన్నవాళ్లు మాత్రం మళ్లీ అడిగారని పార్టీ తర్వాత చెప్పాడు. నర్సయ్య బల్ల మరో రెండేళ్లు అక్కడే ఉంది. మూడో ఏడు దాని చోట కంప్యూటర్ వచ్చింది, నర్సయ్య ఫోల్డింగ్‌కు వెళ్లి ఏడాది చేసి మానేశాడు. నేను మానేసి ఇప్పటికి రెండేళ్లు. మేముండే నవాగామ్ నుంచి ఆయన గదికి నడిచిపోయేంత దూరం. ఆదివారాలు పోతుంటాను. బొమ్మ అదే గోడ మీద ఉంది. ఆ నీడను నూనె రంగుతో కప్పేస్తావా అని ఒకసారి అడిగాను. "ఉండనీయ్. మళ్లెవడన్న తలుపు వెడ్దామనుకుంటే, ఇంతకుముందే ఒకడు వెట్టిపోయిండని తెల్వాలె గదా" అన్నాడు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది ఇంత. సరిపోల్చడం మాస్టర్ పని, బాగుచేయడం కాదు. నమూనాలో ఒకటి లేకపోతే, ఎందుకు లేదో తెలిసే వరకు అది లేకపోవడం కూడా నమూనాలో భాగమే. దర్వాజా అని ఎవరైనా అంటే, ఏ భాషలో అన్నారో ముందు అడగాలి. ఇక తప్పు చేసినవాడికి మా కలర్ రూమ్ పద్ధతి ఒక్కటే పనికొస్తుంది. గమ్ము పచ్చిగా ఉన్నప్పుడే ఒప్పుకుంటే తడిగుడ్డ చాలు, ఎండిన తర్వాత గోరు పెట్టి గీకాలి.